చదివి వినిపించగా విని

నలభై ఒక్క ఏళ్లు నా బల్ల రిజిస్ట్రారాఫీసు ఎదురుగా వేపచెట్టు కిందే ఉంది. 1973లో మొదలుపెట్టినప్పుడు కలం, కార్బన్ కాయితాలు. తరవాత తెలుగు టైపు మిషను. ఆఖరి పన్నెండేళ్లు కంప్యూటరు, దాన్ని నడపడానికి ఒక కుర్రాడు. నేను ప్లీడర్ని కాదు, దస్తావేజు లేఖరిని. అమ్మకం, తనఖా, భాగపరిష్కారం, వీలునామా, సెటిల్‌మెంటు, హక్కు విడుదల అన్నీ రాశాను. కృష్ణ కాలవల కింద మా చుట్టుపక్కల ఊళ్లలో ఏ అన్నదమ్ములు ఎప్పుడు విడిపోయారో, ఏ గట్టు ఎవరి వాటాకి వెళ్లిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మొన్న మనవరాలికి సంబంధం కుదిరింది. "తాతయ్యా, నగల చిట్టా రాయాలంట, నువ్వే రాసిపెట్టు" అంది. కూర్చుంటే చిట్టా ఒక పేజీలో అయిపోయింది. కలం మాత్రం ఆగలేదు, ఇవన్నీ వచ్చాయి. చట్టమంతా నాకు తెలుసనుకోవద్దు, నా బల్ల మీద పడ్డంత మేరకే రాస్తున్నాను. వచ్చిన పనిలో హిందూ కుటుంబాలవే ఎక్కువ కాబట్టి ఇక్కడా అవే ఎక్కువ.

1. ఎక్కడ పెట్టాలి అని కాదు, ఏం రాశారు అని అడగండి

ప్రతి దస్తావేజు చివరా ఒక మాట ఉంటుంది: "చదివి వినిపించగా విని సమ్మతించి చేసిన సంతకం." ఆ మాట కొన్ని వేలసార్లు రాసి ఉంటాను. నిజంగా చదివి వినిపించింది ఎన్నిసార్లంటే తల వంచుకోవాలి. బుధవారం అయితే పన్నెండింటికి రాహుకాలం వచ్చేస్తుంది, ఆలోపు పని కావాలి. తమ్ముడు అక్కల్ని కారులో తెచ్చేవాడు, ఎదురు హోటల్లో ఇడ్లీ పెట్టించేవాడు. కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే నేను ఇంకు ప్యాడు జరిపేవాణ్ణి. బొటనవేలు నల్లబడ్డాక ఆ ఆడవాళ్లు దాన్ని తల జుట్టుకేసి రుద్దుకునేవారు. కొబ్బరినూనె జుట్టు కదా, మరక వదిలేది. అంతసేపట్లో మూడెకరాలు చేతులు మారిపోయేవి. "ఎక్కడ పెట్టాలి బాబూ?" అని అందరూ అడిగేవారు. "ఏం రాశారు?" అని అడిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

చిత్తు కాపీ ముందురోజే ఇంటికి తెప్పించుకోండి. చదువు రాకపోతే పక్కింటి పదో తరగతి పిల్లచేత చదివించుకోండి, ఆస్తిలో వాటా ఉన్నవాళ్లచేత వద్దు. అంతా అర్థం కాకపోయినా మూడుచోట్ల ఆగండి. ఎవరు ఎవరికి రాస్తున్నారు? షెడ్యూల్లో సర్వే నంబరు, సెంట్లు, హద్దులు ఏమిటి? "ఇకమీదట నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కు లేదు" అన్న ముక్క ఎక్కడైనా ఉందా? ఆ ముక్క కనిపిస్తే ఆ పూటకి కాఫీ తాగి ఇంటికెళ్లిపోండి.

ఇప్పటికే వేలిముద్ర పడిపోయి ఉంటే, ఆ దస్తావేజు నకలు రిజిస్ట్రారాఫీసులోనే ఇస్తారు. ఈసీ (ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు) తీస్తే ఆ భూమి మీద ఏమేం జరిగాయో తెలుస్తుంది. మోసంతో రాయించుకున్నారని తేలితే, ఆ సంగతి తెలిసినప్పటినుంచి మూడేళ్లలోగా రద్దుకి దావా వేయాలి. 'తమ్ముడే కదా, ఏదో ఒకటి చేస్తాడులే' అనుకుంటూ ఉండగానే ఆ మూడేళ్లూ అయిపోతాయి.

2. "కట్నం ఇచ్చాం కదా" అన్న మాట ఏ చట్టంలోనూ లేదు

1956 వారసత్వ చట్టం వచ్చినప్పుడే, తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. పిత్రార్జితం సంగతి వేరు. అందులో కొడుకు పుడుతూనే భాగస్తుడు, కూతురు కాదు. కూతుర్ని కూడా పుట్టుకతో భాగస్తురాలిని చేసిన మొదటి రాష్ట్రం మన ఆంధ్రప్రదేశే. ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించింది. ఆ తేదీ నాటికి పెళ్లి కాని ఆడపిల్లలకే అది. తరవాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర అదే దారి పట్టాయి. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా, పెళ్లయినా కాకపోయినా, కూతురికి కొడుకుతో సమానమైన హక్కు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న తగువు పదిహేనేళ్లు నడిచింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అక్కర్లేదని తేల్చింది, ఇది పుట్టుకతో వచ్చే హక్కు అంది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరై అయిపోయిన పంపకాలు మాత్రం ఇక కదలవు.

1985 సవరణ వచ్చిన కొత్తలో మా చెట్టు కింద తిరణాలే. ఇంట్లో పెళ్లి కాని పిల్ల ఉన్న ప్రతివాడూ పరిగెత్తుకొచ్చాడు. వాటా ఎలా ఇవ్వాలో అడగడానికి వచ్చినవాడు ఒక్కడూ లేడు. హక్కు విడుదల రాయించుకోవాలి, అదీ పిల్ల పెళ్లికి ముందే, అల్లుడి చెవిన పడకుండా. రాశాను, రాసినందుకు డబ్బులు తీసుకున్నాను. ఇష్టపడి వదులుకునే ఆడపిల్లని ఎవరూ కాదనరు, చట్టమూ కాదనదు. తను ఏం వదులుకుంటున్నదో ఆ పిల్లకి తెలియాలి కదా, నా బాధ అది. వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కనివ్వరని భయం. సంతకం పెట్టిన ఆడపడుచుల్ని సంక్రాంతికి పిలిచారా అంటే, నేను చూసినంతలో మొదటి రెండేళ్లు.

మా ఇంటి లెక్కే చెబుతాను. ఆరెకరాల పిత్రార్జితం. నాన్న 1991లో పోయారు. మిగిలింది అమ్మ, అక్క, నేను, చెల్లెలు. అక్క పెళ్లి 1979లో, చెల్లెలి పెళ్లి 1987లో. అంటే 1985 సెప్టెంబర్ 5 నాటికి చెల్లెలు పెళ్లి కాని పిల్ల. కాబట్టి నాన్నకి, నాకు, చెల్లెలికి తలా రెండెకరాలు. నాన్న రెండెకరాల్లో మళ్లీ అమ్మకి, అక్కకి, నాకు, చెల్లెలికి తలా అరెకరం. చెల్లెలిది రెండున్నర, నాదీ రెండున్నర. ఈ లెక్క ఊరందరికీ వేసి చెప్పింది నేనే. 1992 మాఘమాసంలో ముగ్గుర్నీ పిలిపించి, హక్కు విడుదల నా మిషను మీద నేనే కొట్టుకున్నాను. ఇడ్లీ కూడా ఎదురు హోటల్లోదే. "ఎక్కడ పెట్టాలి అన్నయ్యా?" అంది చెల్లెలు. చూపించాను.

దీని తరవాయి చివర్లో చెబుతాను.

3. నగల చిట్టా

కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరం. అది ఎవరికీ కొత్త సంగతి కాదు, ఎవరూ పట్టించుకోరు. పెళ్లిలో ఇచ్చిన కానుకలకి మాత్రం చిట్టా రాసి ఉంచాలని 1985లోనే రూల్సు వచ్చాయని చాలామందికి తెలియదు. వస్తువు ఏమిటి, సుమారు వెల ఎంత, ఎవరిచ్చారు, వాళ్లు ఏమవుతారు. కింద అమ్మాయి, అబ్బాయి సంతకాలు. "నల్లపూసలు, మూడు కాసులు, అమ్మమ్మ ఇచ్చినది." ఇలా ఒక్కో వరస. నా సర్వీసులో ఆ చిట్టా రాయించుకున్న కుటుంబాలు ఆరంటే ఆరు. "శుభమా అని పెళ్లి చేస్తుంటే లెక్కలేమిటి?" అంటారు. కాపురం చెడ్డప్పుడు స్టేషన్లో ఎస్సై అడిగేది ఆ లెక్కే.

పుట్టింటివారు, అత్తింటివారు, స్నేహితులు ఆమెకిచ్చినది ఆమె స్త్రీధనం. బీరువా తాళం అత్తగారి బొడ్డున ఉన్నా సరే, అది దాచమని ఇచ్చిన సొమ్మే. అడిగినప్పుడు ఇవ్వకపోతే నేరం కింద కేసు పెట్టొచ్చని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కన్నతండ్రికీ అందులో పెత్తనం లేదు. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, విడాకులైన కూతురి నగల కోసం తండ్రి తనంతట తాను కేసు పెడితే, కూతురు అధికారం ఇవ్వనిదే కుదరదని 2024 ఆగస్టులో తీర్పొచ్చింది. నాకు ఆ తీర్పు బాగా నచ్చింది.

పసుపు కుంకుమల కింద పొలం ఇస్తామని పెళ్లి పీటల మీద నోటిమాటగా అంటారు. నోటిమాటతో భూమి దానం కాదు. రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులుండాలి. పిల్ల అత్తారింటికి వెళ్లకముందే ఆ పని చేయించండి.

4. నూరు రూపాయల స్టాంపు మీద పెళ్లి తెగదు

"ఇరువురము ఇష్టపూర్వకముగా విడిపోతిమి. ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎట్టి సంబంధము లేదు." 1980లలో ఇలాంటివి నేనూ రాశాను. నలుగురు పెద్దమనుషులు వచ్చేవారు, భార్యాభర్తలు చెరో పక్క నిలబడేవారు, పావుగంటలో పని అయిపోయేది.

అలా 1984లో రాసిన కాయితం ఒకటి పదకొండేళ్లకి నా బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. లామినేషను చేయించి, కొంగులో చుట్టుకుని తెచ్చింది ఒకావిడ. కాయితంలో ఉన్న మగవాడు తరవాత ఈవిణ్ణి చేసుకున్నాడు, గవర్నమెంటు ఉద్యోగం చేస్తూ పోయాడు. పెన్షను కాయితాల్లో ఈవిడ పేరు చెల్లదన్నారు. కోర్టు డిక్రీ లేదు కాబట్టి మొదటి పెళ్లి తెగలేదు, తెగలేదు కాబట్టి రెండోది పెళ్లే కాదు. "మీరే కదా రాసింది" అందావిడ. నేనే. కింద నా లైసెన్సు నంబరు కూడా ఉంది.

హిందూ వివాహం తెగాలంటే కోర్టు డిక్రీయే కావాలి. ఆచారంలో విడాకులున్న కులాలకి చట్టం మినహాయింపు ఇచ్చింది గాని, ఆ ఆచారం ఉందని రుజువు చేసుకోవాలి. ఇద్దరికీ ఇష్టమైతే ఏడాది విడిగా ఉన్నాక కలిసి పిటిషను వేసుకోవచ్చు. తరవాతి ఆరు నెలల గడువుని తగిన కేసుల్లో కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకో సంగతి, ఇలాంటి ఒప్పందాల్లో "పిల్లల పోషణ అడగను" అని తల్లిచేత రాయిస్తారు. పిల్లల తిండి వదులుకునే హక్కు తల్లికి లేదు. అది పిల్లలది.

5. ఇల్లు రాసిచ్చేముందు ఒక వాక్యం

ఈ పాఠం పెద్దవాళ్ల కోసం. నా ఈడువాళ్లే ఎక్కువ దెబ్బతింటున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

తెలుగు మాస్టారొకాయన, రిటైరైనవాడు, 2009లో ఇల్లు కొడుకు పేర సెటిల్‌మెంటు రాయించడానికి వచ్చాడు. రెండొందల గజాల్లో డాబా. "షరతు పెడదామా మాస్టారూ?" అన్నాను. "నా కొడుకు మీద షరతా?" అని నా వంక అదోలా చూశాడు. మర్నాడు మిఠాయి పొట్లం కూడా పంపించాడు. సంక్రాంతికి ఆయన మంచం ముందుగదిలోంచి వసారాలోకి వచ్చింది. ఉగాదికి దాని మీద తడిబట్టలు ఆరేస్తున్నారు. ఆయన పుస్తకాలున్న చెక్క అలమర మేడమెట్ల కింద పెట్టారు, వానకి తడిసింది. ఇల్లు పోయిందన్న దానికంటే ఆ అలమర గురించే ఆయన ఎక్కువసేపు మాట్లాడాడు.

2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. అందులో 23వ సెక్షను ఉంది: తిండి, వసతి చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్లు చూడకపోతే, మోసంతో రాయించుకున్నట్టు లెక్కగట్టి ఆ బదిలీని రద్దు చేయొచ్చు. షరతు మీద అన్నారు చూశారా, అక్కడే మాస్టారు ఇరుక్కున్నాడు. ఆయన దస్తావేజులో ప్రేమాభిమానాలున్నాయి, షరతు లేదు. ఆర్డీవోగారి ట్రిబ్యునల్ నెలనెలా కొంత డబ్బు ఇప్పించింది, ఇల్లు రాలేదు. షరతు ఉందని చూపించుకోలేకపోతే 23 వర్తించదని 2022లో సుప్రీంకోర్టు కూడా అంది. 2025 జనవరిలో వచ్చిన ఇంకో తీర్పులో, ఈ చట్టాన్ని పెద్దవాళ్ల మేలు చూసి విశాలంగా చదవాలని చెప్పి ఒక తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించారు. తీర్పులు అటూ ఇటూ ఊగుతాయి, రాసిన వాక్యం ఊగదు. నేను రాసే వాక్యం ఇది: "నా జీవితకాలమంతయు ఈ ఇంటిలో నివసించు హక్కు నాకు నిలుపుకొని, నా తిండి, బట్ట, వైద్యము నీవు చూచు షరతు మీద ఇచ్చినాను. చూడనిచో ఈ సెటిల్‌మెంటు రద్దగును." రెండు వరసలు. కొడుకు మంచివాడైతే ఆ రెండు వరసల వల్ల వాడికి పోయేదేమీ లేదు.

అసలు రాసివ్వకుండా వీలునామాతో సరిపెట్టుకోవడం ఇంకా మేలు. బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. తెల్లకాయితం చాలు, స్టాంపు అక్కర్లేదు, రిజిస్టరు చేయించడం మీ ఇష్టం. ఇద్దరు సాక్షులు మాత్రం తప్పనిసరి, వాళ్లు మీకంటే చిన్నవాళ్లయి ఉండాలని నా సలహా. డెబ్భై ఏళ్ల స్నేహితుణ్ణి సాక్షిగా పెట్టుకుంటే రేపు కోర్టుకి ఎవరొస్తారు?

ట్రిబ్యునల్‌కి ప్లీడరు అక్కర్లేదు. మామూలు అర్జీ చాలు, నెలకి పదివేలకు మించకుండా పోషణ ఇప్పిస్తారు. కొడుకులే కాదు, కూతుళ్లు, మేజర్లయిన మనవలు కూడా బాధ్యులే. పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తికి వారసులయ్యే బంధువుల మీద వేయొచ్చు. ఎవరిని అడగాలో తెలియకపోతే ఫోను 14567.

ఈ చట్టాన్ని అడ్డంగా వాడేవాళ్లనీ చూశాను. భార్యాభర్తలకి పడదు. కొడుకు అమ్మానాన్నలచేత అర్జీ పెట్టిస్తాడు, కోడల్ని ఇంట్లోంచి పంపించమని. అర్జీలో చేతిరాత కొడుకుది, నిశానీ తల్లిది. 2020లో సుప్రీంకోర్టునుంచి రెండు తీర్పులొచ్చాయి. ఇల్లు అత్తమామల పేర ఉన్నా కోడలు కాపురం చేసిన ఇల్లయితే ఆమెకి అక్కడ ఉండే హక్కు అడగొచ్చని అక్టోబరులో చెప్పారు. పెద్దల చట్టం చూపించి ఆ హక్కుని కొట్టిపారేయడానికి లేదని డిసెంబరులో చెప్పారు. ఇద్దరి గోడూ వినాలి. అలాంటి అర్జీ వస్తే ముసలావిణ్ణి ఒక్కదాన్నే పక్కకి పిలిచి అడిగేవాణ్ణి, "నీకు నిజంగా కోడలు వెళ్లిపోవాలనుందా అమ్మా?" అని. సగంమంది ఏడ్చేవారు.

6. నామినీ అంటే వారసుడు కాదు

నామినీ డబ్బు తీసుకుని అసలు వారసులకి పంచవలసిన మనిషి. ఇన్సూరెన్సు విషయంలో 1983లో సుప్రీంకోర్టు అన్న మాట ఇదే. భార్యో భర్తో, పిల్లలో, తల్లిదండ్రులో నామినీ అయితే మాత్రం 2015 సవరణ తరవాత ఈ మాట అంత ఖాయం కాదు.

పెళ్లయిన కొడుకు పోయాడనుకోండి. వీలునామా లేకపోతే భార్యకి, పిల్లలకి, తల్లికి సమానంగా వాటాలు. తల్లిని అందరూ మరిచిపోతారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టులో పేరుంటుంది, సంతకాల దగ్గర ఆమె ఉండదు. తండ్రి బతికున్నా ఈ మొదటి వరసలో లేడు. ఈ మాట చెబితే చాలామంది నాన్నలు నమ్మలేదు, పుస్తకం తీసి చూపించాల్సొచ్చింది.

ఇంతకంటే అన్యాయం ఇంకోటుంది. ఉద్యోగం చేసే అమ్మాయి సొంత జీతంతో హైదరాబాదులో ఫ్లాటు కొంది. పిల్లలు లేరు, భర్త పోయాడు, తరవాత ఆమె పోయింది. ఆ ఫ్లాటు ఎవరికి? 1956 చట్టం 15వ సెక్షను ప్రకారం ముందు భర్త వారసులకి. ఆమెని కని, పెంచి, చదివించిన తల్లిదండ్రుల వంతు వాళ్ల తరవాతే. ఆడదాని సొంత సంపాదనకి ఈ వరస ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆస్తి పుట్టింటినుంచి వారసత్వంగా వచ్చినదైతే తిరిగి తండ్రి వైపు వారసులకి వెళుతుంది, అంతవరకు నయం. చట్టం మారేదాకా దారి ఒకటే, వీలునామా. మనవరాలికి పెళ్లిలోపే ఒకటి రాయించాను. వాళ్ల అమ్మ నామీద కోప్పడింది, అపశకునమని.

7. పిల్లల పేరున్న ఆస్తి తండ్రిది కాదు

తాత మనవడి పేర ఎకరం రాశాడు. తండ్రికి వ్యాపారంలో దెబ్బ తగిలింది, గార్డియన్‌గా సంతకం పెట్టి అమ్మేశాడు. కొన్నతను ఇల్లు కూడా కట్టుకున్నాడు. కుర్రాడు ఇరవై నిండాక దావా వేశాడు, పొలం వచ్చింది. మైనరు సొంత ఆస్తిని తండ్రి గాని తల్లి గాని అమ్మాలంటే ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. లేకపోతే ఆ పిల్లవాడు పద్దెనిమిది దాటిన మూడేళ్లలోగా రద్దు చేయించుకోవచ్చు. కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లలో "మైనరు" అన్న మాట కనబడితే అక్కడే ఆగాలి.

రెండో సంసారం పిల్లల సంగతి. పెళ్లి చెల్లకపోయినా పిల్లలు చెల్లుతారు. తండ్రి స్వార్జితంలోనే కాదు, పిత్రార్జితంలో తండ్రికొచ్చే వాటాలోనూ వాళ్లకి భాగం ఉందని 2023 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తేల్చింది. లామినేషను కాయితం తెచ్చినావిడ పిల్లలు అప్పుడు గుర్తొచ్చారు.

ఇంటిపేరు తగువులూ నా దగ్గరికొచ్చేవి. భర్త పోయి, మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి పిల్లవాడికి కొత్త ఇంటిపేరు పెట్టుకుంటే, ఆ పిల్లవాడి కన్నతండ్రి వైపు తాతా నాయనమ్మ కోర్టుకెళ్లారు. మన హైకోర్టు పాత ఇంటిపేరే ఉంచమంది, కొత్త భర్తని రికార్డుల్లో సవతి తండ్రి అని చూపమంది. 2022 జూలైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇంటిపేరు తేల్చుకునేది తల్లేనంది. బళ్లో హాజరు పలికే ప్రతిసారీ ఆ పిల్లవాడికి ఏం గుర్తు చేద్దామనుకున్నారో.

పదహారేళ్ల పిల్లకి పద్దెనిమిది నిండాయని అఫిడవిట్టు రాయమని ఏటా ఎవరో ఒకరు వచ్చేవారు. రాయలేదు. 1098కి ఫోను చేయమని పక్క బల్లవాడికి చెప్పేవాణ్ణి. నేను చేస్తే నా గొంతు ఊళ్లో గుర్తుపడతారు.

8. మనోవర్తి

పాత సీఆర్పీసీలో మనోవర్తి గురించిన 125వ సెక్షను ఇప్పుడు కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహితలో 144, 2024 జూలై 1 నుంచి. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు ఎవరైనా అడగొచ్చు. ఒకప్పుడు నెలకి అయిదొందలు మించరాదని హద్దుండేది, 2001లో ఎత్తేశారు. 2020 నవంబరులో సుప్రీంకోర్టునుంచి ఇంకో మంచి మాట వచ్చింది, పిటిషను వేసిన రోజునుంచే లెక్కగట్టి ఇవ్వాలని. ఇద్దరూ ఆస్తి, ఆదాయం అఫిడవిట్టు వేయాలి. అందుకే ఒక్క రోజు కూడా వాయిదా వేయకుండా ముందు పిటిషను పడేయమంటాను. విడాకులైన ముస్లిం స్త్రీ కూడా ఈ సెక్షను కింద అడగొచ్చని 2024 జూలై 10న తేలింది. ఆ కేసూ తెలంగాణదే.

ప్లీడరు ఫీజుకి డబ్బుల్లేవని వెనక్కి తగ్గొద్దు. ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో పనిలేకుండా ప్లీడర్ని ఉచితంగా ఇవ్వాలి, 1987 నాటి చట్టం అది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోను 15100. ఇంట్లో కొడుతున్నా, గెంటేస్తున్నా 181. గృహహింస చట్టం కోడలి కోసమే అనుకుంటారు. కొడుకు మీద తల్లి, అన్న మీద చెల్లెలు కూడా వేయొచ్చు.

9. తరవాయి

2005 సవరణ సంగతి పేపర్లో వచ్చిన రోజు చెల్లెలు ఫోను చేసింది. వాటా అడగడానికి కాదు, వాళ్ల ఆడపడుచుకి ఇది వర్తిస్తుందా అని. చెప్పాను. కాసేపు ఆగి, "మరి మనది?" అంది. "మనది 1992లో రిజిస్టరైపోయిందమ్మా, కదలదు" అన్నాను. "అవును, నువ్వు పని గట్టిగా చేస్తావు కదా" అని పెట్టేసింది.

అమ్మ అప్పటికే లేదు. రెండెకరాలు 1999లో మా అమ్మాయి పెళ్లికి అమ్మేశాను. నాలుగు మిగిలాయి. 2006 ఫాల్గుణంలో అక్కకి అరెకరం, చెల్లెలికి ఎకరన్నర సెటిల్‌మెంటు రాయించాను. లెక్క ప్రకారం చెల్లెలికి ఇంకో ఎకరం రావాలి. అది ఆమెకి తెలుసు, నాకూ తెలుసు.

చిత్తు కాపీ ముందురోజే పంపమంది. మర్నాడు కళ్లజోడు పెట్టుకుని వచ్చింది, ఇడ్లీ వద్దంది. రెండో పేజీలో వేలు పెట్టి ఆపింది. "నీ యందు నాకు గల ప్రేమాభిమానములచేత" అని ఉంది అక్కడ.

"ఇది నువ్వు పెడుతున్న చీరా అన్నయ్యా?"

సెటిల్‌మెంటు కదా, ఆ మాట ఉండాలి, లేకపోతే దస్తావేజు రకమే మారిపోతుంది అని చెప్పబోయాను.

"ఉండనీ. దాని పైన ఇంకో మాట రాయి. నాన్న పోయాక నాకు రావలసింది, రాలేదని."

కుర్రాడు నా వంక చూశాడు. కొట్టమన్నాను. ఆ పేజీ మళ్లీ తీశాడు. నేను కలం తీసి సంతకానికి వంగితే చెల్లెలు కాయితాలు తన వైపు లాక్కుంది.

"కింద చదివి వినిపించగా విని అని ఉంది. నేను చదువుతాను, నువ్వు విను."

నాలుగు పేజీలు. వేపచెట్టు కింద జనం నిలబడిపోయారు, లోపలినుంచి మా పేరు రెండోసారి పిలిచారు. సర్వే నంబరు దగ్గర ఒకసారి ఆగి, హద్దులు మళ్లీ మొదటినుంచి చదివింది. తూర్పున కాలవ, దక్షిణాన అక్క అరెకరం.